గిరాకి ముందు తిట్టిన తిట్టు

పోయిన నెల నీళ్ళ పైపుకు బిగించే మూత ఒకటి మార్చుకోవడానికి బళ్ళారి బజారులో ఒక హార్డ్‌వేర్ అంగడికి వెళ్ళాను. ముందు రోజు తీసుకున్న మూత పైపుకు పట్టలేదు. సైజు తప్పు చెప్పింది నేనే. అయినా అంగడివాళ్ళ ఇంట్లో పుట్టి పెరిగినవాడిని, తప్పు నాదని చెప్పుకుంటూ గడప ఎక్కే అలవాటు లేదు. మూతను బల్ల మీద చప్పుడయ్యేలా పెట్టాను. యజమాని వెంటనే లోపలి గుమాస్తాను పిలిచి, ఎన్నేళ్ళు పనిచేస్తే నీకు సైజులు తెలుస్తాయని నా ముందే కడిగిపారేశాడు. యాభై దాటిన ఆ మనిషి తల వంచుకుని నిలబడ్డాడు. నేను మూత మార్చుకుని, మాట పడింది నేనే అయినట్టు ఒక రబ్బరు వాషరు ఊరికే పెట్టించుకుని బయటికి వచ్చాను. మెట్లు దిగి వెనక్కి చూస్తే యజమానీ గుమాస్తా ఒక టీని రెండు గ్లాసుల్లో పంచుకుని తాగుతున్నారు. ఇద్దరి ముఖాల్లోనూ ఏమీ లేదు.

ఈ నాటకం నాకు ఉగ్గుపాలతో వచ్చింది. మా నాన్న బట్టల అంగడిలో వారానికి రెండుసార్లైనా జరిగేది. రంగు పోయిందనో, జరీ రాలిందనో ఎవరైనా చీర వెనక్కి తెచ్చారంటే నాన్న మొదట చీరను చూసేవాడు కాదు, గుమాస్తాను చూసేవాడు. తిట్టు గట్టిగా ఉండాలి, పొట్టిగా ఉండాలి, గిరాకి 'పోనీలెండి పాపం' అనేదాకా సాగాలి. గిరాకి వెళ్ళగానే టీ రావాలి. ఆ టీతో అంతా మాఫీ. తిట్లు తిన్న గుమాస్తా టీ ఊదుకుంటూ, ఈ రోజు కొంచెం ఎక్కువైందప్పా, నా చదువు దాకా పోవాల్సింది కాదు అని నాన్నకే సలహా ఇచ్చేవాడు. చూస్తూ పెరిగిన నేను, లోకంలో తిట్లన్నీ ఇంతేననీ, తినేవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసుననీ అనుకున్నాను.

ఆ రోజు వాషరు జేబులో వేసుకుని బండి దగ్గరికి వచ్చాను గానీ, బండి తీయబుద్ధి కాలేదు. ఒక మనిషి గుర్తొచ్చింది. ఆమె చనిపోయి అప్పటికి ఇరవై రోజులు. ఆ సంగతి నా చెవిన పడి నాలుగు రోజులు. ఈ నాటకం ఏమిటో తెలియని ఆ మనిషిని నేను ఇట్లాగే గిరాకి ముందు నిలబెట్టి తిట్టాను.

ఆమె పేరు రాయడం లేదు. అందరం అక్క అనేవాళ్ళం. సత్యనారాయణపేటలో మేడ మీద ఒక గది, కింద చెల్లెలి కాపురం. గదిలో ఒక బల్ల, రెండు కంప్యూటర్లు, కిటికీలో ఎండబెట్టిన మెంతి ఆకు. నెట్‌వర్క్ సర్వర్లలో వచ్చే తప్పులు దిద్దడం ఆమె పని. నేను బట్టల బదులు ప్రోగ్రాములు అమ్ముతాను. గజం కర్ర లేదన్న మాటే గానీ మిగతాదంతా మా నాన్న వ్యాపారమే. ఖనిజం నిల్వచేసే యార్డుల్లో లారీలను తూచే కాటాలు ఉంటాయి. ఆ కాటాలు చూపిన బరువులన్నీ ఒకచోట చేర్చే సర్వర్ ప్రోగ్రాము మాది. మాది అంటే, అమ్మింది నేను, రాసింది ఆమె.

అందులోనూ ఆమె ప్రత్యేకత ఒక్కటే. సర్వర్ ఒకేసారి వందల యంత్రాలతో మాట్లాడాలి. ఒక్కొక్కరి దగ్గరికీ పోయి 'నీకేమన్నా కావాలా' అని అడుగుతూ కూర్చుంటే పొద్దు సరిపోదు. అందుకని కంప్యూటర్‌నే అడుగుతుంది, ఇప్పుడు ఎవరికి మాట ఉందో చెప్పమని. కంప్యూటర్ చెప్పినవాళ్ళ మాట వింటుంది. మళ్ళీ అడుగుతుంది. దీన్ని పోలింగ్ అంటారు. ఈ అడగడంలోనూ వినడంలోనూ జరిగే తప్పులు కంటికి కనబడవు. పదివేల సార్లు సరిగ్గా నడిచి, ఆ తర్వాత ఒకసారి తేడా కొడుతుంది. ఆ ఒకసారిని పట్టుకోవడం ఆమె పని.

పని మనిషికి అంటుకుంటుందో, మనిషి తనకు తగిన పని వెతుక్కుంటుందో తెలియదు. ఆమెతో ఏదైనా చెబితే చివరిదాకా వినేది. మధ్యలో ఊఁ కొట్టేది కాదు. మనం ఆపగానే, "ఇంకేమన్నా ఉండాదా?" అని అడిగేది. ఉందంటే మళ్ళీ వినేది, మళ్ళీ అడిగేది. లేదని మన నోటితో చెప్పేదాకా జవాబు మొదలుపెట్టేది కాదు. వీధిలో కొందరు ఆమెను నెమ్మది మనిషి అనేవాళ్ళు, కొందరు మందం అనేవాళ్ళు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు మాత్రం కష్టం చెప్పుకోవాలంటే ఆమె మెట్లే ఎక్కేవాళ్ళు. చెప్పుకుని చెప్పుకుని, ఇక ఏమీ లేదక్కా అని వాళ్ళే నవ్వుకుంటూ దిగి వచ్చేవాళ్ళట.

బేరం ఆమెకు రాదు. ఇంటి ముందుకు తోపుడుబండి ఆమె వస్తే చెప్పిన రేటుకే వంకాయలు తీసుకునేది. ఒకసారి నేను పక్కనే ఉండి ఓర్చుకోలేక, అక్కా, సగానికి ఇస్తుంది, నువ్వు లోపలికి పో, నేను మాట్లాడతా అన్నాను. ఆమె నిజంగా అర్థం కాక నన్ను చూసింది. "ఆ రేటు ఆమెకు సరిపోతాదనే కదప్పా చెప్పింది. సగం మాట ఎందుకు చెప్తాది?" అంది. బండామె నన్ను చూసి నవ్వింది. వంకాయలవాళ్ళు కూడా నన్ను చూసి నవ్వే రోజు వచ్చిందని అప్పుడు బాధపడ్డాను. ఎందుకు బాధపడాలో అప్పటికి తెలియలేదు.

మాటకు ముఖం మీద రాసిన ధర ఎంతో, ఆమెకు అంతే. ఒకసారి రెండు నిమిషాల్లో బండి తెస్తానని ఫోన్ చేశాను. మా వ్యాపారంలో రెండు నిమిషాలంటే స్నానానికి వెళుతున్నామని అర్థం. ముక్కాలు గంట తర్వాత పోతే, ఎండలో గేటు పట్టుకుని, చెప్పులు వేసుకుని, సంచి భుజాన పెట్టుకుని నిలబడి ఉంది. కోపం లేదు. నన్ను పైనుంచి కిందికి చూసి, బండి యాడన్నా పడిందాప్పా, దెబ్బలు తగిలినాయా అని అడిగింది. టైరు పంచరైందన్నాను. పాపం, ఎండలో తోసుకుని వచ్చినావా అని లోపలికి పోయి మజ్జిగ తెచ్చింది. తాగాను.

ఆమె పనితనం నేను మొదట చూసింది ఫ్యాను వల్ల. ఒక యార్డులో మా సర్వర్ డబ్బాలో ఫ్యాను గిర్రున కొట్టుకుంటోంది, డబ్బా పెనంలా కాలుతోంది, కాటాలన్నీ నత్తనడక. ఆమె వచ్చి, తెర చూడకముందే డబ్బా మీద అరచెయ్యి పెట్టి కాసేపు ఉంచింది, జ్వరం చూసినట్టు. తర్వాత రెండు గంటలు కూర్చుని తప్పు పట్టుకుంది. నాకు అర్థమయ్యేలా చెప్పమంటే అంగడి భాషలోనే చెప్పింది. గిరాకి ఎప్పుడో లేచి పోయినాడు, కానీ వాకిలి తెరిచే ఉండాది. వాకిలి తెరిచి ఉండేసరికి గంట మోగుతాంది. నీ గుమాస్తా ప్రతిసారీ వాకిట్లోకి ఉరికి 'ఏం కావాలప్పా' అంటాండాడు. ఆడ ఎవరూ లేరు. వచ్చి కూర్చునేలోగా మళ్ళీ గంట. పోయినవాడు పోయినాడని తెలుసుకుని వాకిలి మూయల్ల, అంతే. మూసింది. ఫ్యాను చల్లబడింది. గిరాకులకు ఈ కథ నేను నా సొంత కథలా చాలాసార్లు చెప్పాను.

ఇక నా నిర్వాకం. యశ్వంతనగర్ వైపు ఒక పెద్ద యార్డు మా గిరాకి. దాని మేనేజరు మిగతా యార్డుల కాటాలు కూడా ఈ ఒక్క సర్వర్ మీదికే ఎక్కించమన్నాడు. కొత్త మిషన్ అక్కర్లేకుండా పాతదాంట్లోనే లాగిస్తానని నేను మాట ఇచ్చి, సోమవారానికి చూపిస్తానన్నాను. అక్కను అడిగితే అవుతుంది గానీ పది రోజులు కావాలంది. కారణం కూడా చెప్పింది. గంట రెండు రకాలుగా మోగించవచ్చు. బల్ల మీద సరుకు ఉన్నంతసేపూ మోగుతూ ఉండేది ఒకటి. కొత్త సరుకు వచ్చినప్పుడు ఒక్కసారే మోగి ఊరుకునేది ఇంకొకటి. రెండోదైతే సర్వర్‌కు భారం తక్కువ. కానీ అది మోగినప్పుడు బల్ల మీద ఉన్నదంతా ఎత్తుకోవాలి, ఒక్కటి మిగిల్చినా మళ్ళీ మోగదు. తను రాసింది మొదటి రకానికి, గంట మోగినప్పుడల్లా ఒక్క పిడికెడు తీసుకునేలా రాసింది. రెండో రకానికి మార్చాలంటే తీసుకునే పద్ధతంతా మార్చాలి, అందుకే పది రోజులు.

నేను విన్నాను. పది రోజులంటే ఐదు రోజుల పనేనని లెక్కవేసుకున్నాను, మా అంగట్లో అంతే కాబట్టి. ఆ ఐదు కూడా నా దగ్గర లేవు. గంట రకం మార్చడానికి ప్రోగ్రాములో ఒక్క మాట చేరిస్తే చాలని నాకున్న మిడిమిడి జ్ఞానంతో వెతికి తెలుసుకున్నాను. సోమవారం పొద్దున యార్డులోనే కూర్చుని, ఆమెకు చెప్పకుండా, ఆ ఒక్క మాట చేర్చాను. సర్వర్ పరిగెత్తింది. మేనేజరు నా భుజం తట్టాడు. ఆమె దగ్గరున్న ప్రతిలో ఆ మాట లేదు, యార్డు మిషన్‌లో మాత్రమే ఉంది. అక్కకు ఫోన్ చేసి, తొందరేం లేదు, వాయిదా అడిగినానని చెప్పాను.

రెండు వారాలకు గాలివాన వచ్చి ఒక యార్డుకు నెట్‌వర్క్ తెగి మళ్ళీ వచ్చింది. అంతసేపూ కూడబెట్టిన బరువులన్నీ అక్కడి కాటా ఒక్కసారిగా పంపింది. గంట ఒక్కసారి మోగింది. మన ప్రోగ్రాము ఒక పిడికెడు తీసుకుని మిగతాది బల్ల మీదే వదిలింది. అంతా అందినట్టు జవాబు వస్తేనే కాటా తర్వాతి బరువు పంపుతుంది. ఇంకోసారి గంట మోగితేనే ప్రోగ్రాము మిగతాది తీసుకుంటుంది. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు మర్యాదగా ఎదురుచూస్తూ ఉండిపోయారు. మధ్యాహ్నానికి మిగతా యార్డుల్లోనూ అట్లాగే ఐదారు కాటాలు మూగబోయాయి. లారీలు యార్డు నిండి రోడ్డు మీదికి వచ్చాయి.

మేనేజరు మా ఇద్దరినీ రమ్మన్నాడు. జీపులో ఆమె నా పక్కన కూర్చుని కాగితాల మీద ఏదో గీసుకుంటూ ఉంది. సండూరు కొండలు కనబడేసరికి నాకు ఆ ఒక్క మాట గుర్తొచ్చింది. గుర్తురాలేదని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. వచ్చింది.

మేనేజరు గదిలో నలుగురైదుగురు ఉన్నారు. కిటికీ బయట డ్రైవర్లు గుంపుగా నిలబడి లోపలికి చూస్తున్నారు. మేనేజరు కన్నడం కలిపి నాతో, "మిషన్ పోయిందా, ప్రోగ్రామ్ పోయిందా, నేరుగా హేళప్పా. మిషన్ అయితే ఈ పొద్దే మారుస్తా. ప్రోగ్రామ్ అయితే నిన్నే మారుస్తా," అన్నాడు. అందరూ నవ్వారు.

ఆ నవ్వులో నా లోపలి అంగడి తెరుచుకుంది. నేను మేనేజరు వైపు చూడలేదు, ఆమె వైపు తిరిగాను.

"ఏందక్కా ఇది? ఇంత పెద్ద పని నమ్మి చేతికిస్తే చూసుకునే పని లేదా? నీ ఒక్కదాని వల్ల ఇన్ని లారీలు నిలిచిపోయినాయి. ఇంకోసారి ఇట్లయితే నేను వేరేవాళ్ళను చూసుకోవాల్సి వస్తాది."

గట్టిగా, పొట్టిగా. మా నాన్న ఉండి ఉంటే మెచ్చుకునేవాడు. ఇక ఆమె తల వంచాలి, మేనేజరు పోనీలే అనాలి. ఆమె తల వంచలేదు. సంచిలోంచి నోటుబుక్కు తీసింది. ఏ కాటాలు, ఏ వేళకు ఆగినాయి, అంతకు ముందు ఏం జరిగింది అని మేనేజరును అడిగి ఒక్కొక్కటీ రాసుకుంది. ఇంకేమన్నా ఉండాదా అని అడిగింది. ఆయన కోపం దిగిపోయి, ఇంకేం లేదమ్మా అన్నాడు. అప్పుడు నా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పప్పా. ఇంకేమన్నా ఉండాదా?"

"లేదు," అన్నాను.

ఆమెను జీపులో కూర్చోమని, నేను సర్వర్ గదిలోకి పోయి ఆ మాట తీసేసి ప్రోగ్రామును మళ్ళీ నడిపించాను. అందుకు చిటికె సేపు పట్టింది. కాటాలు కదిలాయి, లారీలు కదిలాయి, మేనేజరు ముఖం విప్పారింది. ఏం చేసినావప్పా అని ఆమె అడిగింది. బంద్ చేసి మళ్ళీ ఆన్ చేసినానన్నాను. అది కూడా నోటుబుక్కులో రాసుకుంది.

దారిలో ఒక గుడిసె హోటలు దగ్గర జీపు ఆపించి, ఒక టీని ఇద్దరికీ బై టూ చెప్పాను. మా లెక్కలో ఆ టీయే క్షమాపణ. ఆమె గ్లాసు పట్టుకుంది గానీ తాగలేదు. ఆమె టీ తాగదు. రెండేళ్ళుగా కలిసి పనిచేస్తున్నా ఆ సంగతి నేను చూడలేదు. గ్లాసు చల్లారేదాకా చేతిలోనే పెట్టుకుని, నేను యాడ తప్పు చేసినానో నీకు తెలుస్తే చెప్పు అంది. నేను నవ్వి, అదంతా సుమ్నే అక్కా, ఊరికే గిరాకి ముందర అనే మాట, మనసులో పెట్టుకోవద్దు అన్నాను.

"సుమ్నే అంటే? నా తప్పు లేదనా?"

అక్కడ అవునని చెప్పి ఉంటే సరిపోయేది. కానీ తప్పు ఆమెది కాదంటే ఎవరిదని అడుగుతుంది. నాదని చెబితే, దాచడం తెలియని మనిషి, జీపు వెనక్కి తిప్పించి మేనేజరుకు చెప్పి వస్తుంది. ఆ లెక్కంతా ఒక్క గుక్క టీలో వేసుకుని, ఏదో ఉంటాదిలే, నిదానంగా చూడు అన్నాను.

ఆమె నిదానంగా చూసింది. తను రాసిన ప్రోగ్రామంతా మొదటి అక్షరం నుంచి మళ్ళీ చదివింది. తన ప్రతిలో లేని తప్పును తన ప్రతిలో వెతికింది. నాలుగు చిన్న చిన్న లొసుగులు దొరికితే దిద్ది పంపుతూ, ఇవి కారణం కాదని నిజాయితీగా రాసింది. నెల తర్వాత నేను పోతే చెల్లెలు కింద గుమ్మంలోనే ఆపి, అక్క అన్నం తినేది కూడా మరిచిపోతాందని నాతో చెప్పింది. చెప్పేద్దామనే నిర్ణయంతో మెట్లు ఎక్కాను. బేరగాడిని కదా, నిజానికి కూడా మొదటే పూర్తి ధర చెప్పబుద్ధి కాలేదు. ఆ యార్డు మిషన్ మరీ పాతది, దాని లోపమే అయివుంటాదక్కా అన్నాను. ఆమె నమ్మింది. ఎంత పాతదని అడిగింది. నోటికొచ్చింది చెప్పాను. మళ్ళీ పోయేసరికి పాత సామాన్లు అమ్మే గుజిరీ అంగట్లో అలాంటి డబ్బా ఒకటి సంపాదించి, బల్ల కింద పెట్టి, పగలంతా దాని మీద పరీక్షలు నడుపుతోంది. దాని ఫ్యాను చప్పుడు కిందికి వినబడుతోంది. నేను మెట్ల మీదినుంచే వెనక్కి వచ్చేశాను.

తర్వాత తెలిసింది, బెంగళూరులో ఆమెను బాగా ఎరిగిన ఒక కంపెనీ పని పంపితే తిప్పి పంపిందట. ఫోన్ చేసి తిట్టాను, ఈసారి గిరాకి లేడు. ఆమె నెమ్మదిగా, "నా చెయ్యి మీద నాకే గ్యారంటీ పోయిందప్పా. ఇంకొకరిది ఎట్ల ముట్టుకునేది?" అంది.

ఆ తర్వాత ఆమె ఒక ప్రెస్సులో పెళ్ళిపత్రికల ప్రూఫులు దిద్దేది. ఇరవై ఏళ్ళుగా వందల యంత్రాల మాట వినడం నేర్చిన మనిషి ముహూర్తాలూ ఇంటిపేర్లూ సరిచూస్తూ కూర్చుంది. నా స్నేహితుడి కూతురి పెళ్ళిపత్రిక ఆ ప్రెస్సులోనే అచ్చయింది. కన్నడం ఒకవైపు, తెలుగు ఒకవైపు. ఎక్కడా ఒక అక్షరం తప్పు లేదు. పెళ్ళికి పోయి భోంచేసి వచ్చాను గానీ, దారిలో ఉన్న ఆమె ఇంటికి పోలేదు. చెప్పడానికి ఇంకా మంచి సమయం వస్తుందనుకున్నాను. సరుకు దాచుకుని ధర పెరిగేదాకా ఆగినట్టు మూడేళ్ళు ఆగాను. ఆమె గుండె ఆగిపోయిందని ప్రెస్సువాళ్ళ ద్వారా తెలిసింది.

హార్డ్‌వేర్ అంగడి నుంచి ఆ రోజు ఇంటికి పోలేదు. సత్యనారాయణపేటకే పోయాను. చెల్లెలు కన్నడ బడిలో టీచరు, అప్పుడే బడి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. పలకరింపులయ్యాక, నీకే ఫోన్ చేద్దామనుకుంటున్నానని మేడ మీదికి తీసుకుపోయింది. అక్క ఈ మధ్యదాకా ఆదివారాలు ఇదే తీసి చూసుకునేదని చెప్పి కంప్యూటర్ తెరిచింది. కాటాల ప్రోగ్రాము. దాని నెత్తిన, ఎవరు తెరిచినా ముందు కనబడేచోట, అక్క రెండు వాక్యాలు రాసి తన పేరు పెట్టింది. కారణం దొరకలేదు. తప్పు నాదే అయివుండాలి.

"ఇది ఇట్లనే ఉండల్లనా, తీసేయొచ్చునా? నాకు తెలీదప్పా, నీకు తెలుసు కదా," అంది చెల్లెలు.

తీసేయమని చెప్పి ఉంటే అయిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆమె కుర్చీలో కూర్చుని ఉన్నాను, బల్ల కింద ఆ పాత డబ్బా నా కాలికి తగులుతోంది. చెప్పేశాను. సోమవారం పొద్దున చేర్చిన మాట, తీసేసిన మాట, పాత మిషన్ అబద్ధం, అన్నీ. చెల్లెలు బడిలో పిల్లవాడి పలక చూసినట్టు నన్ను కాసేపు చూసింది. తర్వాత కీబోర్డు నా ముందుకు తోసింది.

"రాయి. అక్క రాసిన దాని కిందనే రాయి."

ఈ ప్రోగ్రాములో లోపం లేదని రాశాను. మరి లారీలు ఎందుకు నిలిచినాయని అడిగింది. యార్డు మిషన్‌లో ఒక మార్పు వల్ల అని చేర్చాను. ఆ మార్పు ఎవరు చేసినారంది. నిర్వహణ వైపు నుంచి అని రాశాను. ఆమె తెర మీదినుంచి కళ్ళు తీయకుండా, నిర్వహణ అనే పేరుతో మనిషెవరన్నా ఉండాడా అంది. అది కొట్టేసి, తొందరలో పొరపాటున జరిగిందని రాశాను. పొరపాటు మొదటి రోజే కదప్పా, మిగతా మూడేళ్ళు ఏందని అంది. బేరం తెగనప్పుడు లేచిపోతున్నట్టు నటించాలి, ఎదుటివాడు చెయ్యి పట్టుకుని ఆపుతాడు. నా ఒళ్ళు నాకు చెప్పకుండానే ఆ పని చేసింది, కుర్చీ వెనక్కి జరిపి లేచాను. ఆమె చెయ్యి పట్టుకోలేదు. పొమ్మనీ అనలేదు. తెర మీద సగంలో ఆగిన వాక్యాన్ని చూస్తూ నిలబడింది. నేను మళ్ళీ కూర్చున్నాను.

పూర్తిగా రాశాను. చేసింది నేను, దాచింది నేను, ఆమెను అందరి ముందు అన్నది నేను. అక్క దిద్దిన చోట ఎక్కడా తప్పు లేదు. కింద నా పేరు, ఇంటిపేరుతో సహా. దాన్ని ఆ మేనేజరుకు పంపమంది. ఆయన ఇప్పుడు వేరే యార్డులో ఉన్నాడు, నంబరు వెతికి పంపాను. బెంగళూరు కంపెనీకి కూడా పంపమంది. వాళ్ళతో నాకు ఈ మధ్యే కొత్త వ్యాపారం మాటల్లో ఉంది. ఆ సంగతి ఆమెకు తెలియదు, నేనూ చెప్పలేదు. పంపాను.

అప్పటికి కింద అక్క గురించి పరామర్శకు వచ్చిన ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఇద్దరు మెట్లెక్కి గుమ్మంలో నిలబడ్డారు. చెల్లెలు వాళ్ళను లోపలికి రమ్మని చాప వేసి, రాసింది వాళ్ళకు కూడా చదివి చెప్పప్పా అంది. చదివాను. బాగానే చదివాను. చివర నా పేరు వచ్చేసరికి గొంతు దిగిపోయి, చాప మీద కూర్చున్నవాళ్ళకు వినబడలేదు. ఎవరంట అని ఒకామె పక్కామెను అడిగింది.

"ఇంకోసారి చదువప్పా," అంది చెల్లెలు.